మిషన్ కట్టడాల సూక్ష్మ నమూనాలు బొమ్మరిళ్లలా ఎందుకు కనిపిస్తాయి?

మీ ప్రశ్న సారాంశం ఇది. మీ అబ్బాయి నాలుగో తరగతిలో ఉన్నప్పుడు దుకాణంలో కొన్న కిట్టుతో మీరిద్దరూ కలిసి మిషన్ శాన్ హోసే నమూనా చేశారు. అతుకులు శుభ్రంగా కుదిరాయి, రంగులు జాగ్రత్తగా వేశారు, అయినా చూసినవాళ్లకు అది రెండు వందల ఏళ్ల నాటి కట్టడంలా కాక బొమ్మరిల్లులా అనిపించింది. ఇప్పుడు మీరే తీరిగ్గా, సొంతంగా, కాలిఫోర్నియాలోని స్పానిష్ వలస కాలపు మిషన్ ఒకదాన్ని, అంటే స్థానిక జాతులవారిని క్రైస్తవంలోకి మార్చడానికి ఫాదిరీలు నడిపిన చర్చి ఆవాసాల్లో ఒకదాన్ని, చిన్న కళాకృతిగా మలచాలనుకుంటున్నారు. పొరపాటు ఎక్కడ జరిగింది, ఏ మిషన్‌ను ఎంచుకోవాలి, ఏ కొలతలో చేయాలి అని అడిగారు. నేను ఫ్రీమాంట్‌లో చాలా ఏళ్లుగా ఉంటున్నాను, సెలవు రోజుల్లో నా పని ఇదే. ఇప్పటికి 11 నమూనాలు చేశాను, వాటిలో నలుగురికి చూపించదగినవి నాలుగున్నాయి.

నేరుగా చెప్పాలంటే, పొరపాటు గోడ మందంలో ఉంది. రంగులోనూ కాదు, పైకప్పులోనూ కాదు. చాలా మిషన్ల గోడలు పచ్చి ఇటుకతో, అంటే కాల్చకుండా ఎండబెట్టిన మట్టి ఇటుకతో కట్టినవి. ఆ గోడ నిలబడాలంటే లావుగా ఉండక తప్పదు, అందుకే రెండడుగుల నుంచి ఆరడుగుల దాకా మందం కనిపిస్తుంది. కిట్టులోని అట్టగోడను అసలు కట్టడం కొలతకు పెంచి లెక్కిస్తే అడుగు మందం కూడా ఉండదు. అప్పుడు కిటికీ గోడలో లోతుగా కూర్చోదు, తలుపు చుట్టూ నీడ పడదు, కట్టడం మొత్తం మడిచిన కాగితంలా తేలికగా కనిపిస్తుంది. మన కన్ను కొలతలు వేసుకుని చూడదు గాని, బరువును మాత్రం వెంటనే పసిగడుతుంది.

రెండో ప్రశ్నకు జవాబు: మొదటి ప్రయత్నానికి శాన్ ఫ్రాన్సిస్కోలోని మిషన్ డొలోరెస్ చేయండి. మూడోదానికి: 1:96 స్కేలులో, అంటే నమూనాలో ఒక అంగుళం అసలు కట్టడంలో 8 అడుగులకు సమానమయ్యేలా చేయండి. ఈ రెండింటికీ కారణాలు చెబుతాను.

డొలోరెస్ మిషన్ 1776లో మొదలైంది, ఇప్పుడు కనిపించే చిన్న చర్చి 1791 నాటికి పూర్తయింది. 1906 భూకంపంలో చుట్టూ ఉన్న నగరం కూలి, కాలిపోయినా అది నిలిచింది. గోపురాల్లేని, గుమ్మటాల్లేని సాదాసీదా పొడవాటి కట్టడం అది. ముందు నాలుగు బలిష్ఠమైన స్తంభాలు, వాటి మీద ఒక బాల్కనీ, ఆ పైన గూళ్లలో వేలాడే మూడు గంటలు, అంతే. కొలతలు దాదాపు 114 అడుగుల పొడవు, 22 అడుగుల వెడల్పు, గోడ మందం 4 అడుగులుగా చెబుతారు. మన స్కేలులో పొడవు 14 అంగుళాల పైన ఒక పావు, గోడ మందం సరిగ్గా అర అంగుళం. పుస్తకాల అరలో పట్టే పరిమాణం ఇది. పైగా అర అంగుళం మందం ఫోమ్ బోర్డు (రెండు కాగితాల మధ్య గట్టి నురుగు ఉండే అట్ట) బజారులో మామూలుగా దొరుకుతుంది, కాబట్టి గోడ మందం కోసం కుస్తీ పట్టనవసరం లేదు. అందరూ కొనే సన్నరకం ఫోమ్ బోర్డు 3/16 అంగుళం ఉంటుంది. దాన్ని ఈ స్కేలులో లెక్కిస్తే ఒకటిన్నర అడుగుల గోడ అవుతుంది, నిజంగా అలా కట్టి ఉంటే నాలుగు వానలకే కూలేది. బోర్డు కోసే ముందు మాత్రం కొలతలు లోపలివో బయటివో సరిచూసుకోండి. అమెరికా ప్రభుత్వం 1933లో మొదలుపెట్టిన చారిత్రక కట్టడాల సర్వేలో చాలా మిషన్ల కొలత చిత్రాలు ఉన్నాయి, అవి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. కిట్టు పెట్టె మీది బొమ్మను నమ్మకండి, ఈ చిత్రాలను నమ్మండి.

మీరు మళ్లీ శాన్ హోసే చేయాలని పట్టుబడితే కాదనను గాని, అక్కడ ఒక చిక్కు ఉంది, అది దాదాపు అన్ని మిషన్లకూ వర్తిస్తుంది. ఏ మిషన్ అన్న ప్రశ్న కన్నా ముందు, ఏ ఏడాదిలోని మిషన్ అన్నది తేల్చుకోవాలి. మనం ఫ్రీమాంట్‌లో చూసే శాన్ హోసే చర్చి 1985లో పూర్తయిన పునర్నిర్మాణం. మిషన్ మొదలైంది 1797లో, పచ్చి ఇటుకల పెద్ద చర్చి వచ్చింది 1809లో, దాన్ని 1868 అక్టోబరులో హేవర్డ్ భ్రంశం (ఇక్కడి నేల పొరల్లోని చీలిక) మీద వచ్చిన భూకంపం నేలమట్టం చేసింది. ఆ తరువాత వందేళ్లకు పైగా అదే స్థలంలో గోథిక్ తీరు చెక్క చర్చి ఉండేది, పునర్నిర్మాణం కోసం దాన్ని అక్కడి నుంచి తరలించారు. ఇంతకీ మీరు చేసింది 1985 నాటి కట్టడం, దాని కింద రాసిన ఏడాది 1797 అయి ఉంటుంది. (మరో మాట, ఇండియా నుంచి వచ్చే బంధువులు ప్రతిసారీ అడుగుతారు కాబట్టి: మిషన్ శాన్ హోసే శాన్ హోసే నగరంలో లేదు, మన ఫ్రీమాంట్‌లోనే ఉంది.)

కార్మెల్ మిషన్ సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. రాతి చర్చి 1797లో పూర్తయింది, తరువాత పైకప్పు కూలి ఏళ్ల తరబడి పాడుబడి ఉంది. 1884లో దాని మీద నిట్టనిలువుగా వాలిన పైకప్పు ఒకటి వేశారు, అది పాత రూపానికి ఏమాత్రం పొసగనిది. 1931 నుంచి అక్కడ మరమ్మతులు చేపట్టిన హ్యారీ డౌనీ 1936లో దాన్ని తీయించి మళ్లీ పాత తీరు కప్పు వేయించారు. 1900 ప్రాంతపు ఫోటో ఒకటి, ఇప్పటి ఫోటో ఒకటి పక్కన పెట్టుకుని నమూనా చేయబోతే రెండు వేర్వేరు భవనాల మధ్య ఇరుక్కుపోతారు. శాంతా బార్బరా మిషన్‌కు మనందరికీ తెలిసిన జంట గోపురాలున్నాయి గదా, 1820లో చర్చిని ప్రారంభించినప్పుడు గోపురం ఒక్కటే, రెండోది 1830లలో వచ్చింది. 1820 అని రాసి రెండు గోపురాలు నిలబెట్టిన నమూనాలు నేను లెక్కలేనన్ని చూశాను. ఇరవై ఒక్క మిషన్లనూ స్పానిష్ మిషన్లనే అంటాం గాని, 1769లో శాన్ డియాగోతో మొదలైన ఆ వరుసలో చివరిదైన సొనోమా మిషన్ పుట్టింది 1823లో, అంటే మెక్సికో స్వతంత్రమైన రెండేళ్లకు. కాబట్టి దాని మీద స్పెయిన్ జెండా ఎగరేయకండి.

పాత రూపం తెలుసుకోవడానికి చిత్రకారులు మనకు మంచి సాయం చేస్తారు, కొంత తప్పుదోవ కూడా పట్టిస్తారు. హెన్రీ చాప్‌మన్ ఫోర్డ్ 1883లో మిషన్ల ఎచింగులు, అంటే లోహపు పలక మీద గీసి అచ్చువేసిన చిత్రాలు, ప్రచురించారు. ఎడ్విన్ డీకిన్ ఇరవై ఒక్క మిషన్లనూ తైలవర్ణాలలో చిత్రించారు. ఫోటోగ్రాఫర్ కార్ల్‌టన్ వాట్కిన్స్ 1870ల చివర్లో తీసిన ఫోటోలు కూడా ఉన్నాయి. ఇవన్నీ మిషన్లు శిథిలావస్థలో ఉన్న కాలానివి. చిత్రకారులకు శిథిలాల మీద మక్కువ ఎక్కువ, సాయంకాలపు ఎండ, గోడ మీద మొలిచిన గడ్డి, కూలిన కమాను వాళ్లకు నచ్చిన వస్తువులు. ఏ తలుపు ఎక్కడ ఉండేది, ఏ కమాను తరువాత ఏది వచ్చేది అన్న వివరాలకు నేను వాళ్ల పనిని వాడుకుంటాను. రంగుకూ, వెలుగుకూ మాత్రం వాడుకోను.

ఇక గోడ కట్టే పని. అర అంగుళం బోర్డును కోసిన తరువాత పైకాగితం రెండు వైపులా ఒలిచేయండి, మూలలను ఉప్పుకాగితంతో రుద్ది మొద్దుబార్చండి. పచ్చి ఇటుక గోడకు కత్తిలాంటి అంచు ఎక్కడా ఉండదు. గోడ మీద గార పూసేటప్పుడు చేతివాటం కనిపించాలి. నేను గోడల మరమ్మతుకు వాడే పుట్టీలో సన్నగా జల్లించిన రంపపు పొట్టు, తెల్ల జిగురు కలుపుతాను. ఈ ఆలోచన నాకు కొండపల్లి నుంచి వచ్చింది. అక్కడ తెల్ల పొణికి చెక్కతో చేసిన బొమ్మల భాగాలను అతకడానికి చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కు వాడతారు. చిన్నప్పుడు చూసిన ఆ ముద్ద ఎండాక దాని ముఖం అచ్చం పాత మట్టిగోడలా ఉంటుందని, దశాబ్దాల తరువాత ఇక్కడ గరాజులో కూర్చుని ఉండగా గుర్తొచ్చింది. చింతగింజలు దొరక్క జిగురుతో సరిపెట్టుకున్నాను. ముద్దను వేలితో పూయండి, పుల్లతో కాదు. ఒకే దిశలో లాగకండి.

గార రాలిపోయిన చోట ఇటుకలు కనిపించేలా చేయాలని అందరికీ ఉంటుంది, అతి అయ్యేది కూడా అక్కడే. మిషన్ ఇటుక ఇంచుమించు 22 అంగుళాల పొడవు, 11 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల మందం ఉండేది. మన స్కేలులో ఒక్కో వరుస ఎత్తు ఒక మిల్లీమీటరు, ఇటుక పొడవు 6 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. మొండి సూదితో గీత గీస్తే చాలు. గీతలు మరీ లోతుగా పడితే నాపరాళ్లు పేర్చినట్లు కనిపిస్తుంది. ఇలాంటి మచ్చలు గోడకు రెండో మూడో చాలు, అవి కూడా కింది భాగంలో, నేల తడి ఎక్కే చోట ఉండాలి.

దీనికి కారణం తెలిస్తే మచ్చ ఎక్కడ వేయాలో చేయి దానంతట అదే చెబుతుంది. పచ్చి ఇటుకకు నీరే శత్రువు. సున్నపు గార, బయటికి చాచిన చూరు, పెంకుల కప్పు, ఈ మూడూ కలిసి మట్టిగోడను కాపాడతాయి. 1834 నుంచి మెక్సికో ప్రభుత్వం మిషన్లను చర్చి చేతుల్లోంచి తప్పించాక, చాలా చోట్ల కప్పు మీది పెంకులను, దూలాలను జనం తమ ఇళ్లకు పట్టుకుపోయారు. కప్పు పోయాక గోడలు వానకు పైనుంచి కరిగిపోయాయి. అందుకే శిథిలమైన మిషన్ గోడ విరిగినట్లు ఉండదు, కరిగినట్లు ఉంటుంది. పైభాగం ఒంటె మూపురంలా గుండ్రంగా, కింద జారిన మట్టి వాలులా కుప్పగా ఉండాలి. మన పల్లెల్లో కప్పు పోయిన మట్టి ఇల్లు రెండు మూడు వానాకాలాల తరువాత ఎలా ఉంటుందో చూసినవారికి ఇంతకన్నా చెప్పనక్కరలేదు. శాన్ హువాన్ కపిస్ట్రానో పెద్ద రాతి చర్చి వేరు. అది 1806లో పూర్తయి, 1812 డిసెంబరు భూకంపంలో ప్రార్థన జరుగుతుండగా కూలి సుమారు 40 మంది ప్రాణాలు తీసింది. అక్కడ రాళ్లు విరిగి పడ్డాయి కాబట్టి పదునైన అంచులు చూపించవచ్చు.

రంగు విషయంలో ఒక్కటే చెబుతాను, తెల్లరంగు సీసా తెరిచి నేరుగా పూయకండి. సున్నం వెల్ల ఎప్పుడూ పాలలా ఉండదు, కొద్దిగా పసుపుమట్టి రంగు, అంతకన్నా కొద్దిగా బూడిద రంగు కలపండి. దూరం నుంచి చూసిన వస్తువు రంగు వెలిసినట్లు కనిపిస్తుంది, చిన్న నమూనా కూడా దూరపు వస్తువుతో సమానమే. అందువల్ల ఎరుపు, నలుపు, తెలుపు మూడింటినీ ఒక మెట్టు తగ్గించి వేయాలి.

పైకప్పు దగ్గర తెలుగువారికి ఒక సౌకర్యం ఉంది. మిషన్ పెంకు అంటే మన గూన పెంకే. ఒక వరుస వెల్లకిలా, దాని అంచుల మీద మరో వరుస బోర్లా పరుస్తారు, కింది వరుస కాలువలా నీటిని మోస్తుంది. ఇక్కడ పుట్టి పెరిగిన నమూనాకారులకు ఇది బొమ్మ వేసి చెప్పాల్సి వస్తుంది, పెంకుటింట్లో పెరిగిన మనకు అక్కరలేదు. స్థానికులు తొడ మీద మట్టి పరిచి ఆ పెంకులను వంచేవారని ఒక కథ ప్రచారంలో ఉంది, గైడులు కూడా నవ్వుతూ చెబుతుంటారు. వాటిని వంచింది చెక్క అచ్చుల మీద. రెండడుగుల పెంకు ఏ తొడ మీద పడుతుందో ఆలోచిస్తే ఆ కథ అక్కడికక్కడే తేలిపోతుంది. శాన్ లూయిస్ ఒబిస్పోలో 1776లో గడ్డి కప్పుకు నిప్పు బాణాలు తగిలి కాలిపోవడంతో పెంకుల వాడకం ఊపందుకుందని చెబుతారు. కాబట్టి మీరు ఎంచుకున్న ఏడాది మరీ తొలినాళ్లదైతే, పెంకు కాక గడ్డి కప్పు వేయాల్సి రావచ్చు, ఆ సంగతి చూసుకోండి.

డొలోరెస్ కప్పుకు విడివిడి పెంకులు చేయాలనుకుంటే, చూరుతో సహా నేను లెక్కగట్టినప్పుడు పైకి కనిపించేవే రెండున్నర వేలకూ మూడు వేలకూ మధ్య తేలాయి. ఒక్కోటి పొడవు 6 మిల్లీమీటర్లు. అంత ఓపిక నాకు లేదు, మీకూ ఉండనవసరం లేదు. అట్టపెట్టె లోపలి ముడతల కాగితం సరిపోతుంది, అయితే ఏ అట్ట అన్నది ముఖ్యం. ఇంటికి సరుకులు వచ్చే పెట్టె ఒలిచి కొలిచాను, అలకూ అలకూ మధ్య దాదాపు 8 మిల్లీమీటర్లు ఉంది. 96తో గుణిస్తే రెండున్నర అడుగుల వెడల్పు పెంకు అవుతుంది. కిట్టు నమూనాల కప్పు రేకుల షెడ్డులా కనిపించడానికి కారణం ఇదే. చిన్న వస్తువులు, సీసాలు వచ్చే సన్నని ముడతల పెట్టెల్లో ఆ దూరం 3 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, అది 11 అంగుళాల పెంకు, నిజానికి చాలా దగ్గర. పైకాగితాన్ని తడిపి ఒలిచి, ముడతలకు అడ్డంగా పావు అంగుళం పట్టీలు కోయండి. చూరు దగ్గర మొదలుపెట్టి, ఒక్కో పట్టీని కింది పట్టీ మీద కొద్దిగా ఎక్కిస్తూ వెన్ను దాకా వెళ్లండి. ప్రతి పట్టీనీ సూది మందం అంత అటో ఇటో జరపండి, ఎక్కడో ఒకచోట అంచును గోటితో నొక్కి పెంకు పగిలినట్లు చేయండి. ఎరుపు ఒకటే వేయకుండా, కట్టెల బట్టీలో కాలిన పెంకుల్లా అక్కడొకటి నల్లగా, అక్కడొకటి పాలిపోయి ఉండేలా మూడు నాలుగు ఛాయలు వాడండి.

పిల్లల ప్రాజెక్టుల్లో లజానియా పాస్తాను పెంకులుగా వాడటం ఇక్కడ మామూలు. నా మొదటి నమూనాకు నేనూ అదే వాడాను, చూడ్డానికి బాగానే ఉంది. ఏడాది తరువాత అటక మీది పెట్టె దించి చూస్తే కప్పంతా పురుగు పట్టి, గోడలు మాత్రం మిగిలాయి. కప్పు పోయిన మిషన్ ఎలా ఉంటుందో తెలిసింది గాని, నేను కోరుకున్న పాఠం అది కాదు.

గంటల విషయం చిన్నదే, చెప్పి ముందుకు వెళ్తాను. దుకాణంలో దొరికే గజ్జెలు పెట్టకండి, అవి మెరుస్తాయి, పైగా పెద్దవి. మిరియపు గింజ ఒకటి తీసుకుని, దాని అడుగున గాలికి ఆరే బంకమట్టితో సన్నని అంచు వేసి, వార్నిష్ పూసి, పాతబడిన కంచు రంగు వేయండి. ఈ స్కేలులో అది అడుగున్నర పైచిలుకు గంట అవుతుంది, మిరియం మీది ముడతలు పాత కంచు మీది కిలుములా పనికొస్తాయి. డొలోరెస్‌లో కప్పు దూలాలను కట్టింది పచ్చితోలు పట్టీలతోనే, కాబట్టి గంటలను కూడా తీగతో కాక గోధుమరంగు నూలు పోగుతో వేలాడదీయండి, కట్టడం మొత్తం ఒకే చేతిదిగా కుదురుతుంది.

వంకరను సరిదిద్దకండి. ఇది నేను పెద్ద మూల్యం చెల్లించి నేర్చుకున్నది. శాన్ మిగెల్ మిషన్ ముందు వసారాలో 12 కమానులున్నాయి, అవి ఒకే పరిమాణంలో ఉండవు, ఆకారాలు కూడా మారుతుంటాయి. నా నమూనాలో నేను తెలివి ప్రదర్శించి, కమానులన్నింటినీ ఒకే కొలతకు తెచ్చి లేజర్ యంత్రం మీద కోయించాను. పని అద్దంలా వచ్చింది. కాని ఆ మిషన్ తెలిసిన ఒక పెద్దాయన రెండు నిమిషాలు చూసి, ఇది ఏ మిషన్ అని అడిగారు. ఆయన అడిగిన తరువాత నాకూ అనుమానం వచ్చింది, అది ఏ షాపింగ్ సెంటరు ముఖద్వారమైనా కావచ్చు. కమానులన్నీ తీసేసి, ఫోటోలు చూస్తూ ఒక్కోదాన్ని చేత్తో మళ్లీ కోసుకోవడానికి ఆరు వారాంతాలు పట్టింది. కార్మెల్ ముఖభాగంలోని నక్షత్రపు కిటికీ కూడా కొద్దిగా ఒరిగి ఉంటుంది, దాన్ని నిటారుగా పెట్టిన నమూనాలో కార్మెల్ కనిపించదు. శాన్ హువాన్ బౌతీస్తా చర్చి నేల పలకల మీద జంతువుల అడుగుజాడలు ఉన్నాయి, పలకలు ఆరుతుండగా ఏవో వాటి మీద నడిచి వెళ్లాయి. 1:96లో అవి కనిపించవు. 1:24లో చర్చి లోపలి భాగం చేసేవారు మాత్రం ఆ అడుగులను వదిలిపెడితే నాకు మనసొప్పదు.

ఇంతవరకు చర్చి గురించే చెప్పాను, అయితే చర్చి ఒక్కటే మిషన్ కాదు. మధ్యలో ఖాళీ ప్రాంగణం, చుట్టూ గదుల వరుసలు, మన మండువా లోగిలిని చాలా రెట్లు పెంచినట్లుండే చతురస్రంలో చర్చి ఒక మూల మాత్రమే. మిగతా వైపులా పనిశాలలు, నేతగదులు, ధాన్యపు కొట్లు, ఫాదిరీల గదులు, వాటితో పాటు పెళ్లికాని అమ్మాయిలను రాత్రిపూట లోపల పెట్టి తాళం వేసే మోంహెరియో అనే గది ఉండేవి. (లా పురీసిమాలో 1812 భూకంపం తరువాత కట్టినవి మాత్రం చతురస్రంగా కాక ఒకే వరుసలో ఉంటాయి.) ఈ ఇటుకలు తొక్కి, పోసి, పెంకులు కాల్చి, దూలాలు మోసినవారు ఓలోనీ, చుమాష్, సాలినన్ మొదలైన స్థానిక జాతులవారు. శాన్ మిగెల్ చర్చి లోపలి కుడ్యచిత్రాలు ఎస్తెబాన్ మునరాస్ ఆధ్వర్యంలో సాలినన్ చిత్రకారులు వేసినవే, డొలోరెస్ లోకప్పు మీది రంగుల చారలు ఓలోనీల బుట్టల అల్లికను పోలి ఉంటాయి. జ్ఞానస్నానం పొందినవారికి మిషన్ వదిలి వెళ్లే స్వేచ్ఛ ఉండేది కాదు, పారిపోయినవారిని సైనికులు పట్టి తెచ్చి కొట్టేవారు, రోగాలకు వేలమంది చనిపోయారు. డొలోరెస్ ఒక్కచోటే 5,000 మందికి పైగా స్థానికులను పాతిపెట్టారు. శాన్ డియాగో మిషన్‌ను 1775లో కుమెయాయ్‌లు తగలబెట్టారు. మన శాన్ హోసే మిషన్ నుంచే యోకుట్స్ జాతివాడైన ఎస్తనిస్లావో 1828లో వెళ్లిపోయి తిరుగుబాటు నడిపాడు, స్టానిస్లాస్ నదికి ఆ పేరు అతని వల్లే వచ్చింది.

ఇది నమూనాకు ఎలా సంబంధమో చెబుతాను. నా రెండో నమూనాలో నేను గోధుమరంగు అంగీ వేసిన ఫాదిరీని, ఆయన ముందు మోకరిల్లిన అరడజను మనుషులను పెట్టాను, కిట్టుల్లో వచ్చే బొమ్మలు అలాగే ఉంటాయి. ఒక ప్రదర్శనలో దాన్ని చూసిన ఓలోనీ వంశస్థురాలు ఒకామె, బొమ్మల గురించి ఏమీ అనకుండా, వీళ్లు పడుకునే గది ఏది అని అడిగారు. నమూనాను నిలబెట్టిన నా పలక మీద చర్చి, ఫౌంటెన్, గులాబీ మొక్కలు ఉన్నాయి, ఆ గది మాత్రం లేదు. ఆ తరువాత చేసిన ప్రతి నమూనాలోనూ, పలక చిన్నదైతే కనీసం పునాది గీతగానైనా, ఆ గదుల వరుసను చూపిస్తున్నాను. మోంహెరియో తలుపుకు తాళం ఈ స్కేలులో కంటికి ఆనదు. అందుకని ఆ తలుపు ఒక్కటే మూసి, ప్రాంగణంలోని మిగతా తలుపులన్నీ కాస్త తెరిచి పెడతాను. ఫౌంటెన్లు, పూలతోటలు చాలా మిషన్లలో తరువాతి కాలంలో వచ్చి చేరినవి, వాటి స్థానంలో మట్టి నేల, తోళ్లు ఊనబెట్టే తొట్లు, ఇటుకలు ఆరే స్థలం ఉంటే 1800 ప్రాంతానికి దగ్గరగా ఉంటుంది. కాలిఫోర్నియా రాష్ట్రం 2016లో తెచ్చిన చరిత్ర పాఠ్య మార్గదర్శకం నాలుగో తరగతి పిల్లలతో మిషన్ నమూనాలు కట్టించడాన్ని ప్రోత్సహించవద్దని చెప్పడానికీ ఇదే కారణం: భవనం మిగిలి, దానిలో బతికినవారు మాయమవుతున్నారు. ఇంట్లో ఇంకా చిన్న పిల్లలుంటే వాళ్ల టీచరుతో ముందే మాట్లాడండి, ఇప్పుడు చాలా బడులు నమూనా అడగడం లేదు.

టెక్సస్‌లోనో ఆరిజోనాలోనో ఉండి ఇది చదువుతున్నవారికి ఒక మాట. శాన్ ఆంటోనియోలోని అయిదు మిషన్లు, 2015లో యునెస్కో జాబితాకెక్కినవి, సున్నపురాతి కట్టడాలు. ఆరిజోనాలో టూసాన్ దగ్గరి శాన్ హావియెర్ దెల్ బాక్ మిషన్ చర్చి కాల్చిన ఇటుకతో 1783, 1797 మధ్య కట్టింది. అక్కడ గోడ మందం నియమం అలాగే పనిచేస్తుంది గాని, కరిగే గోడ, మొద్దుబారిన మూల నియమాలు పనిచేయవు. టెక్సస్ వాటి చెక్కడపు పని వేరే నైపుణ్యం, నేను చేయలేదు కాబట్టి సలహా ఇవ్వను.

మొదలుపెట్టే ముందు వీలైతే సొనోమా వెళ్లి రండి. 1939లో ట్రెజర్ ఐలండ్ మీద జరిగిన గోల్డెన్ గేట్ అంతర్జాతీయ ప్రదర్శన కోసం చేసిన మిషన్ నమూనాలు ఇప్పుడు అక్కడి ఒక ద్రాక్షతోటలోని చిన్న మ్యూజియంలో ఉన్నాయి. నేను వెళ్లినప్పుడు వంగి కూర్చుని, కన్ను నేల ఎత్తుకు తెచ్చుకుని చూస్తాను. పైనుంచి చూస్తే నమూనా కప్పు మాత్రమే కనిపిస్తుంది, మనిషి ఎత్తు నుంచి చూస్తేనే చూరు కింది నీడ, కిటికీ లోతు తెలుస్తాయి. మీ నమూనా ఫోటో తీసేటప్పుడు కూడా ఫోనును తలకిందులుగా, కెమెరా కన్ను పలకకు తగిలేంత కిందికి పెట్టండి.

చివరగా, మీ అబ్బాయితో చేసిన పాత నమూనాను పారేయాలా అని అడిగారు. పారేయకండి. కప్పును జాగ్రత్తగా విడదీసి, ప్రతి గోడకూ లోపలి వైపున రెండు పొరల సన్న ఫోమ్ బోర్డు అతికించండి. తలుపులు, కిటికీలు ఉన్నచోట ఆ పొరల్లోనూ కంతలు కోసి, కిటికీ చట్రాలను పాత గోడ నుంచి తీసి కొత్త పొర లోపలి అంచుకు అమర్చండి. రెండు గంటల పని. తరువాత గదిలో లైటు ఆర్పి, టేబుల్ లాంపును ఒక పక్కన పలక ఎత్తులో పెట్టి చూడండి. కిటికీల్లో నీడ నిలబడితే మీ అబ్బాయిని పిలవండి, కప్పు పట్టీలు కోయడానికి ఇంకో చేయి కావాలి.